అమ్మ మొక్కు: బెసెంట్ నగర్ వేళాంకణి నుంచి కోట దాకా సముద్రం పక్కన నడవాలి, దారి తెలిసినవాళ్ళు చెప్పండి

పెరంబూరు పిల్ల

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

1991లో నాకు ఆరేళ్ళు. టైఫాయిడ్ ముదిరి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. పక్క మంచం ఆవిడ ఇచ్చిన వేళాంకణి మాత బొమ్మ చేతిలో పెట్టుకుని, "పిల్ల లేచి ఇంటికొస్తే కాలినడకన నీ గుడికి వస్తాను తల్లీ" అని అమ్మ మొక్కుకుంది. మేము నెల్లూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడ్డవాళ్ళం, హిందువులం. అప్పట్నుంచి మా ఇంట్లో వెంకన్న పటం పక్కనే మాత పటం కూడా ఉంది. రెండింటికీ ఒకటే దీపం.

నేను లేచాను, ఇంటికొచ్చాను. మొక్కు మాత్రం తీరలేదు. నాన్న ఉద్యోగం పోవడం, తర్వాత ఆయనే పోవడం, అమ్మకి షుగర్, మోకాళ్ళు. ఇప్పుడు ఆవిడకి 72 ఏళ్ళు. నిద్ర పట్టని రాత్రి లేచి కూర్చుని "అన్ని బాకీలూ తీర్చాను, అదొక్కటే ఉండిపోయింది" అంటోంది. నాగపట్నం దగ్గర వేళాంకణి ఇక్కణ్ణుంచి 300 కిలోమీటర్ల పైనే. నాకు అన్ని రోజులు సెలవు దొరకదు, అమ్మని వదిలి వెళ్ళలేను కూడా.

అందుకని నేనొకటి అనుకున్నాను. బెసెంట్ నగర్ వేళాంకణి గుడిలో మొదలుపెట్టి, శాంథోమ్, లైట్‌హౌస్, మెరీనా, సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి మీదుగా ఆర్మేనియన్ వీధి దాకా ఒక్క రోజులో అమ్మ తరఫున నడవాలని. ఇది మొక్కు తీర్చినట్టే అవుతుందా? దారి సరైనదేనా? ఒంటరిగా నడిచే ఆడమనిషికి ఇబ్బంది లేకుండా ఉంటుందా? దయచేసి చెప్పండి.

నడకపిచ్చి

మొక్కు సంగతి పెద్దవాళ్ళు చెబుతారు, దారి సంగతి నేను చెబుతాను. ఆ రోడ్డు మీద చాలాసార్లు నడిచాను.

మొత్తం సుమారు 15 కిలోమీటర్లు. మ్యాప్‌లో చూస్తే ఇసుక మీదుగానే వెళ్ళిపోవచ్చు అనిపిస్తుంది కానీ కుదరదు. అడయారు నది సముద్రంలో కలిసేచోట దారి తెగిపోతుంది. అక్కడ ఉన్న పాత వంతెన 1977లో విరిగింది, అందుకే దాన్ని బ్రోకెన్ బ్రిడ్జి అంటారు. దాని మీదుగా అవతలికి వెళ్ళలేరు, ప్రయత్నించకండి. దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) గోడ వెంట బెసెంట్ అవెన్యూలో అడయారు దాకా వచ్చి, తిరు వి.క. వంతెన దాటి, దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు మీదుగా పట్టినపాక్కం వైపు తిరగాలి. సముద్రం మళ్ళీ అక్కడే కనిపిస్తుంది.

నీడ ఉండేది దివ్యజ్ఞాన సమాజం గోడ పక్కనే. పట్టినపాక్కం నుంచి మెరీనా చివరి దాకా తల మీద ఏమీ ఉండదు. ఎనిమిదిన్నర దాటితే ఎండ కాదు, ఉక్క చంపేస్తుంది. నీళ్ళసీసా రెండు, ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు, తలకి గుడ్డ. కొత్త చెప్పులు వద్దే వద్దు.

ఇంకో ఇబ్బంది ఉంది. కోట లోపల సచివాలయం ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, గుర్తింపు కార్డు తీసుకెళ్ళాలి. తెల్లవారుజామున నడిస్తే చర్చి తెరిచి ఉండదు, చర్చి తెరిచే వేళకి నడిస్తే ఎండ. రెండూ ఒకే రోజు కుదరవు.

గుణదల భక్తుడు

అమ్మా, మాది విజయవాడ. గుణదల కొండ కింద పుట్టి పెరిగినవాణ్ణి. ఇప్పుడు కోడంబాకంలో ఉంటున్నాను. మీ అమ్మగారి మాట చదివాక మా అమ్మ గుర్తొచ్చింది. ఫిబ్రవరి తిరునాళ్ళకి గుణదల వచ్చేవాళ్ళలో సగం మంది బొట్టు పెట్టుకున్నవాళ్ళే. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయ కొడతారు. మీరు హిందువులమని చెప్పి సంకోచపడక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. మీ దారి తలకిందులుగా ఉంది. మొక్కు నడక మాత పాదాల దగ్గర ముగియాలి, అక్కణ్ణుంచి మొదలవకూడదు. ఇది నేను కల్పించింది కాదు. ఏటా ఆగస్టు 29న బెసెంట్ నగర్‌లో జెండా ఎగరేస్తారు, సెప్టెంబరు 8న మాత పుట్టినరోజు పండుగ. ఆ జెండా రోజుకి చెన్నై నలుమూలల నుంచి కాషాయం బట్టలు కట్టుకుని రాత్రంతా నడిచి బెసెంట్ నగర్ చేరతారు. రాయపురం నుంచి, వ్యాసర్‌పాడి నుంచి, మీ పెరంబూరు నుంచి కూడా. నాగపట్నం దాకా వెళ్ళలేని వాళ్ళ కోసమే 1972లో ఆ గుడి కట్టారా అన్నట్టుగా నగరం దాన్ని వాడుకుంటోంది. కాబట్టి మీరు చేయబోయేది కొత్త పద్ధతేం కాదు, ఉన్న దారే.

ఆర్మేనియన్ వీధిలో మొదలుపెట్టండి. అక్కడ సెయింట్ మేరీస్ కో-కెథెడ్రల్ ఉంది, అందరూ అంతోనివారి గుడి అంటారు. మంగళవారం అయితే అడుగు పెట్టే చోటుండదు.

మా కతోలికుల్లో మొక్కు తీర్చలేనివాళ్ళు ఫాదర్ గారితో మాట్లాడి దాన్ని వేరే పుణ్యకార్యంగా మార్చుకునే వీలు ఉంది. మీ అమ్మగారిని ఒకసారి ఫాదర్ గారి దగ్గరికి తీసుకెళ్ళి మాట్లాడించండి. ఆవిడ మనసుకి అది బలం.

ఉప్పుగాలి

నా మాట కొంచెం కటువుగా ఉండొచ్చు, ముందే క్షమించండి.

2018లో నేను రాయపురం బృందంతో నాగపట్నం వేళాంకణికి నడిచాను. తొమ్మిది రోజులు పట్టింది. రాత్రి రెండింటికి లేపేవాళ్ళు, ఎండ పైకి రాకముందే ఆ రోజు నడక సగానికి పైగా అయిపోవాలి. కోవళం చర్చి, మహాబలిపురం, సదరాస్ డచ్చి కోట, పుదుచ్చేరి, కడలూరు, చిదంబరం, తరంగంబాడి, కారైక్కాల్, నాగూరు దర్గా. మూడో రోజు మడమ కింద బొబ్బ చితికి మేజోడు చర్మానికి అంటుకుపోయింది. పుదుచ్చేరి దాటాక ఒక పల్లెలో ముసలాయన పీట వేసి కూర్చోబెట్టి, గోరువెచ్చని ఉప్పునీళ్ళలో నా కాలు పెట్టించి, మేజోడు తడిసి ఊడేదాకా తన చేత్తోనే పట్టుకుని కూర్చున్నాడు. పేరు అడగలేదు, ఏ మతమో అడగలేదు. ఇంకో ఊళ్ళో మసీదు ముందు మాకు గంజి పోశారు.

అందుకే చెబుతున్నాను. 15 కిలోమీటర్లు నడిచి అదే వేళాంకణి యాత్ర అనుకోవద్దు. ఆ తొమ్మిది రోజుల్లో మనిషికి జరిగేది ఒక్క పొద్దుటిపూట జరగదు. మీ అమ్మగారి కోసం నడవండి, తప్పకుండా నడవండి. కానీ దాన్ని దాని పేరుతోనే పిలవండి.

గుణదల భక్తుడు

అన్నా, మీ నడక గొప్పది, కాదనను. కానీ 72 ఏళ్ళ తల్లి మొక్కుని కిలోమీటర్లతో కొలిచే అధికారం మీకూ లేదు, నాకూ లేదు. అది ఆవిడకీ మాతకీ మధ్య ఉన్న మాట.

మైలాపూర్ తాతయ్య

ఇద్దరూ నెమ్మదించండి నాయనా. ఇద్దరి మాటలోనూ పెద్దరికం ఉంది. పాపా, నేను ఈ పేటలో యాభై ఏళ్ళుగా ఉంటున్నాను. దారిలో ఏముందో తెలిసి నడిస్తే కాళ్ళు నొప్పి మరిచిపోతాయి. అందుకే రాస్తున్నాను.

శాంథోమ్ గురించి ముందు. తోమా అపొస్తలుడు క్రీ.శ. 52లో కేరళ తీరానికి వచ్చాడని, 72లో ఇక్కడి పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్ కొండ) మీద ప్రాణం విడిచాడని క్రైస్తవుల నమ్మకం. అది సంప్రదాయం. చరిత్ర ఆధారం కావాలంటే, 13వ శతాబ్దం చివర మార్కోపోలో ఈ తీరంలో తోమా సమాధి ఉందని, జనం యాత్రగా వస్తారని చెప్పాడు. అంటే కనీసం 700 ఏళ్ళుగా జనం ఇక్కడికి నడిచి వస్తున్నారు. పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో సమాధి మీద చర్చి కట్టారు. ఇప్పుడు మనం చూసే తెల్లటి శిఖరం గుడి 1893లో మొదలై 1896లో పూర్తయింది. 1986 ఫిబ్రవరిలో పోపు రెండో జాన్ పాల్ వచ్చినప్పుడు ఆ రోడ్డు మీద జనంలో నేనూ ఉన్నాను.

తెలుగువాళ్ళం కాబట్టి ఇంకో మాట. వంతెన దగ్గర దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు అన్నారు కదా, ఆ రాజమండ్రి ఆడపడుచు 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ఆ రోడ్డు మీదే ఉంది. శాంథోమ్ నుంచి లోపలికి నడిస్తే లజ్ చర్చి, 1516 నాటిది. ఈ ఊరి పాత చర్చిల్లో ఒకటి. తమిళులు కాట్టు కోవిల్ అంటారు, అప్పట్లో అది అడవి. లజ్ చర్చి రోడ్డు మీదే నాగేశ్వరరావు పార్కు, మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ పెద్దలు ఒప్పందం రాసుకున్న శ్రీబాగ్ ఆయన ఇల్లే. ఇక రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తిగారి ఇంట పొట్టి శ్రీరాములుగారు 58 రోజులు నిరాహారంగా ఉండి 1952 డిసెంబరు 15న కన్నుమూశారు. అక్కడ స్మారకం ఉంది. ఒక మాట ఇచ్చి నిలబడ్డవాళ్ళ దారి కూడా ఇదే పాపా. నీ నడక రోజు కాకపోయినా ఇంకో రోజు వెళ్ళు.

సైదాపేట సుబ్బు

తాతయ్యగారూ, కపాలీశ్వరుడి పాత గుడిని పోర్చుగీసువాళ్ళు కూల్చారంటారు. అదీ చెప్పాలి కదండీ?

మైలాపూర్ తాతయ్య

చెప్పాలి, నాయనా. పాత గుడి సముద్రపు ఒడ్డున ఉండేదని, అది పోయాక ఇప్పుడున్నచోట మళ్ళీ కట్టారని చరిత్రకారులూ ఒప్పుకుంటారు. శాంథోమ్ దగ్గర పాత శాసనపు రాళ్ళు దొరికాయి. జరిగినదాన్ని దాచకూడదు. కానీ ఈనాడు అక్కడ మోకరిల్లే ముసలావిడ ఆ పని చేయలేదు. నేను పొద్దున కపాలీశ్వరుడి దగ్గరికి వెళ్తాను, సాయంత్రం గాలికి శాంథోమ్ వెనక కూర్చుంటాను. అక్కడ సముద్రం వైపు ఒక పాత స్తంభం ఉంది, తోమా నాటిందని, నీరు దాన్ని దాటి రాదని చెబుతారు. సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26 తర్వాత ఆ స్తంభం దగ్గరికి వచ్చేవాళ్ళు బాగా పెరిగారు.

కోట చరిత్ర

కోటా, ఆర్మేనియన్ వీధీ నా ఇష్టమైన చోట్లు, అందుకే కొంచెం రాస్తాను.

కోటలోని సెయింట్ మేరీస్ 1680 అక్టోబరు 28న ప్రారంభమైంది. సూయజ్‌కి తూర్పున ఉన్న ఆంగ్లికన్ చర్చిల్లో ఇదే పాతది. 1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్ళి ఇందులోనే జరిగింది. పైకప్పు చెక్కతో కాకుండా మందపాటి కమానుగా కట్టారు, ఫిరంగి గుండు పడినా ఆగాలని. బయట నేలంతా పరిచినవి సమాధిరాళ్ళే, వాటి మీద నడిచే లోపలికి వెళ్ళాలి.

ఆర్మేనియన్ చర్చి 1712 నాటిది, ఇప్పుడున్న కట్టడం 1772లో కట్టింది. ప్రపంచంలోనే మొదటి ఆర్మేనియన్ పత్రిక అజ్దారార్ 1794లో ఈ ఊళ్ళోనే అచ్చయింది. దాన్ని నడిపిన మతగురువు సమాధి ఆ చర్చి ఆవరణలోనే ఉంది. పరంగిమలై కొండకి మెట్లు కట్టించిందీ, సైదాపేట దగ్గర అడయారు మీద 1726లో వంతెన కట్టించిందీ కోజా పెత్రూస్ ఉస్కాన్ అనే ఆర్మేనియన్ వర్తకుడే. మెట్లూ వంతెనా, రెండూ నడిచేవాళ్ళ కోసం తన డబ్బుతో కట్టించాడు. ఈ దారిలో నాకు అందరికంటే దగ్గరవాడు ఆయనే.

ఉప్పుగాలి గారు తరంగంబాడి పేరెత్తారు. అక్కడ డెన్మార్క్ వాళ్ళు కోట కట్టింది 1620లో, క్రైస్తవ మిషనరీ జీగెన్‌బాల్గ్ దిగింది 1706లో. ఆ మిషన్ నుంచే మద్రాసు వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని, జర్మనీలోని హాలేలో 1746, 47ల్లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మన అక్షరం అచ్చెక్కింది ఈ తీరపు నడకదారుల వల్లే అంటే ఎక్కువ కాదు.

నడకపిచ్చి

పెరంబూరు పిల్ల గారూ, అయితే ఇలా చేయండి. కోట, ఆర్మేనియన్ చర్చి ముందుగా ఒక రోజు పగటిపూట చూసేయండి. నడక రోజున ఆర్మేనియన్ వీధిలో ఐదున్నరకి మొదలుపెట్టి దక్షిణానికి రండి. సముద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది, ఎండ కూడా అటునుంచే. టోపీ కన్నా కొంగు మేలు. తెల్లవారుజామున జార్జి టౌన్‌లో ఒంటరిగా వద్దు, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి. నేపియర్ వంతెన దాటాక మెరీనాలో నడిచే జనం ఉంటారు, భయం లేదు.

పెరంబూరు పిల్ల

అందరికీ దండాలు. ఫాదర్ గారి దగ్గరికి అమ్మని తీసుకెళ్ళాను. ఆయన తమిళంలో, అమ్మ తెలుగు తమిళం కలిపి, పావుగంట మాట్లాడుకున్నారు. బయటికొచ్చాక ఏమన్నారని అడిగితే "నడవమన్నారు, నువ్వు నడువు, చివర్లో నేను వస్తాను" అంది. అంతే. తోడుకి మా చిన్నాన్న కొడుకు వస్తానన్నాడు. వచ్చే శనివారం.

పెరంబూరు పిల్ల

నడిచేశాం. రాత్రి నుంచి రాద్దామని కూర్చున్నాను, ఇప్పటికి కుదిరింది.

ఐదున్నరకి అంతోనివారి గుడి బయట మొక్కి కదిలాం. కోట ముందు నుంచి వెళ్తుంటే ఇంకా చీకటి. బుధవారమే లోపల చూశాను కాబట్టి బయటి నుంచే దణ్ణం పెట్టుకున్నాను. నేపియర్ వంతెన మీదికి వచ్చేసరికి కూవం వాసనా, సముద్రపు గాలీ కలిసి వచ్చాయి. శ్రామిక విజయం విగ్రహం దగ్గర సూర్యుడు పైకి లేచాడు. నలుగురు మనుషులు బండరాయిని నెడుతున్న ఆ విగ్రహాన్ని బస్సులోంచి వందసార్లు చూశాను. పక్కన నిలబడి చూస్తే, ముందున్న మనిషి పిక్క కండరాలు బిగిసి ఉన్న తీరు కనిపించింది. మా తమ్ముడు "అక్కా, పెద్దమ్మ మోకాళ్ళు" అన్నాడు. ఎందుకన్నాడో నాకు అర్థమైంది.

లైట్‌హౌస్ దాటాక నొచ్చికుప్పంలో వలల్లోంచి చేపలు దులుపుతున్నారు. ఒకావిడ ఎక్కడికమ్మా అని అడిగింది. చెబితే తడిచేతిని చీరకి తుడుచుకుని, నా భుజం తాకి కళ్ళకద్దుకుంది.

శాంథోమ్‌లో సమాధి గది నేలకి కింద ఉంది, మెట్లు దిగి వెళ్ళాలి. లోపల ఫ్యాను శబ్దం తప్ప ఇంకేం లేదు. నేను ఏం అడగాలో తెలియక, 1991లో నా పక్క మంచం మీద ఉన్న ఆవిడ కోసం దణ్ణం పెట్టుకున్నాను. ఆవిడ పేరు కూడా మాకు తెలియదు. బొమ్మ ఇచ్చి మర్నాడు వెళ్ళిపోయిందట.

పట్టినపాక్కం దగ్గర ఎండ మొదలైంది. నడకపిచ్చి గారు చెప్పినట్టే ఉక్క. దుర్గాబాయమ్మ రోడ్డు మీద ఆంధ్ర మహిళా సభ ఎదురుగా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాం. వంతెన మీద నా కుడికాలి చిటికెనవేలు మంట పుట్టింది. ఉప్పుగాలి గారూ, మీ మేజోడు గుర్తొచ్చింది. తొమ్మిది రోజులు అంటే ఏమిటో అక్కడ కొంచెం తెలిసింది.

అమ్మ ఆటోలో ఎలియట్స్ బీచికి వచ్చి ష్మిట్ స్మారకం దగ్గర కూర్చుని ఉంది. 1930లో మునిగిపోతున్నవాళ్ళని కాపాడబోయి చనిపోయిన డెన్మార్క్ నావికుడి గుర్తుగా కట్టింది అది. నన్ను చూడగానే చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుంది. అక్కణ్ణుంచి గుడి దాకా నా భుజం పట్టుకుని నడిచింది. అమ్మ కాలు ముందుకు వేసేటప్పుడు ముందు బొటనవేలితో నేల తడిమి, తర్వాత మడమ ఆనిస్తుంది. నాకు 40 ఏళ్ళు, అమ్మ నడక ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆరుసార్లు ఆగింది. ఆటో పిలవనా అంటే తల అడ్డంగా ఊపింది.

గుళ్ళో మాత ముందు నిలబడి బొడ్లోంచి చిన్న మూట తీసింది. పసుపుగుడ్డలో కట్టిన ముడుపు. 1991లో ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు పదకొండు రూపాయలు కట్టి వెంకన్న పటం వెనక దాచిందట. నాకు ఇన్నేళ్ళూ తెలియదు. గుడ్డ రంగు పోయి గోధుమరంగుకి తిరిగింది. ముడి విప్పడానికి గోళ్ళతో ప్రయత్నించింది, నేనూ ప్రయత్నించాను, పంటితో మా తమ్ముడూ. రాలేదు. చివరికి అమ్మ దాన్ని ఒకసారి కళ్ళకద్దుకుని మూటతో సహా హుండీలో వేసేసింది. ఆ చప్పుడు విని అక్కడే కింద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నామో చూడలేదు.

రాత్రి అమ్మ పది గంటలకి పడుకుంది. పొద్దున ఆరింటికి నేనే లేపాను.

మైలాపూర్ తాతయ్య

కళ్ళు మసకబారాయి పాపా. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఉప్పుగాలి

దాన్ని దాని పేరుతోనే పిలవండి అన్నాను. ముడుపు సంగతి చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను నడిచిన 2018 నాటికే మీ అమ్మగారు ఆ మొక్కుని 27 ఏళ్ళుగా మోస్తూ నడుస్తున్నట్టే. నాది తొమ్మిది రోజులే.

చిటికెనవేలికి బొబ్బ వస్తే చిదమకండి. కొబ్బరినూనె రాసి మెత్తటి గుడ్డ చుట్టండి.

సైదాపేట సుబ్బు

ఈ ఆగస్టు 29కి మా అమ్మతో నేనూ నడుద్దామనుకుంటున్నాను. మాది కూడా తీరని మొక్కే. సైదాపేట నుంచి. ఎవరైనా కలుస్తారా?

పెరంబూరు పిల్ల

మేము వస్తాం. అమ్మ అప్పుడే అడిగింది, ఈసారి అడయారు వంతెన దగ్గర్నుంచి నడుస్తానంటోంది. డాక్టరుని అడిగి చెబుతాను. వంతెన దక్షిణం చివర, రాత్రి మూడింటికి కలుద్దాం. మజ్జిగ నేను తెస్తాను.